నడిమి కాలువ నాచు

దేవిదాస్ పటేలు నిజామాబాదు కంఠేశ్వర్‌ల రిక్షా దిగేసరికి ఆయన భుజం మీది గోనెసంచి కారుతున్నది. కారి కారి తెల్ల ధోతి ఒక పక్కంతా పచ్చగైంది. గుడి ముంగట పూలమ్మేటోళ్ళు చూసి నవ్విండ్రు. ఆయన అటు దిక్కు గూడ చూడలేదు. నేరుగా మరదలు రుక్మాబాయి ఇంటికొచ్చి, అప్పుడే అలికి ముగ్గేసిన వాకిట్ల సంచి బోర్లించిండు.

"తారా! ఇటు రా బిడ్డా!"

ఆ రోజు ఆదివారం. తారాబాయి తలస్నానం చేసి ఎండల జుట్టారబెట్టుకుంటున్నది. వచ్చి చూస్తే నల్లటి బురద, అండ్ల పచ్చటి నాచు కుప్ప, కుప్ప మీద ఎగిరెగిరి పడుతున్న చేప పిల్ల. ముందు చేపను చెంబు నీళ్ళల్ల వేసింది. తర్వాత నాచు దిక్కు వంగింది.

"ఏంది బాపు గిది?"

"ఏందో నువ్వు సెప్పాలె. చెట్ల సదువు సదివింది నువ్వా, నేనా?" అన్నడు దేవిదాస్. "నా ఒక్కనికి సెప్పుడు గాదు. ఊరోళ్ళ ముంగట, కాలువ ఇంజినీరు ముంగట సెప్పాలె. గిది క్యాంపోళ్ళు ఎంబడి తెచ్చిన దరిద్రమని."

చందూరు పొలాలకూ క్యాంపు పొలాలకూ నడుమ నిజాంసాగర్ పిల్లకాలువ ఒకటి పారుతది. నడిమి కాలువ అంటరు దాన్ని. ఎడమ గట్టు చందూరోళ్ళది, కుడి గట్టు క్యాంపోళ్ళది. క్యాంపంటే నైజాం కాలంల గుంటూరు దిక్కు నుంచి వచ్చి, తుమ్మలు కొట్టి పొలం చేసుకున్నోళ్ళ ఊరు. అక్కడ పుట్టిన పిల్లలకు పిల్లలు పుట్టినా ఊరి పేరు క్యాంపే. ఇరుపక్కలా వరి, చెరుకు. ఇద్దరికీ అవే నీళ్ళు.

ఆ కాలువల కొన్నేండ్ల కింద ఒక నాచు పడ్డది. నాచంటే రాళ్ళ మీది జారుడు పాచి గాదు. మనిషి పొడుగు తీగెలు, చెయ్యి పెడితే చుట్టుకునేటంత గుబురు. నీళ్ళను కదలనియ్యది. తూము దగ్గర కాలువ నిండ కనిపించే నీళ్ళు చివరి మళ్ళకు చేరేసరికి తడి మాత్రమే మిగిలేది. ఏటా కోసేటోళ్ళు. కోసిన కొద్ది ఇంకింత మొలిచేది. ఆ కోసుడు గూడ ఎట్ల? చందూరోళ్ళు ఎడమ సగం కోస్తరు, క్యాంపోళ్ళు కుడి సగం కోస్తరు. ఎవల సగం వాళ్ళది.

మీ వడ్ల విత్తనాలల్ల వచ్చిందని చందూరోళ్ళు, పూడిక తియ్యని మీ పాత చెరువుల నుంచి వచ్చిందని క్యాంపోళ్ళు. పోయినేడు, అరవై తొమ్మిదిల, తెలంగాణ లొల్లి అయినంక ఈ మాటలకు పదునెక్కింది. చందూరు హోటల్ల క్యాంపు మనిషికి చాయ పోస్తలేరు. క్యాంపు మిల్లుల చందూరు వడ్లు పడుతలేరు. తప్పు ఎవలదని తేలితే కాలువ సాపు చేసే పనంతా వాళ్ళ మీద పడాలెనని రెండు దిక్కులా ఇంజినీరు ముంగట ఒప్పుకున్నరు. ఇగ తేల్చేదెవరు? దేవిదాస్ బిడ్డ హైదరాబాదుల చెట్ల మీద ఎమ్మెస్సీ చేసింది, నిజామాబాదు ఆడపిల్లల కాలేజీల పాఠం చెప్తున్నది. క్యాంపు పెద్ద జగ్గారావు గూడ సరేనన్నడు. అట్ల ఎందుకన్నడో చందూరోళ్ళకు సమజ్ కాలేదు.

"జగ్గారావుకు నువ్వంటే నమ్మకమట. పిచ్చోడు!" అని నవ్విండు దేవిదాస్. "నా బిడ్డవని మరిసిండు."

తారాబాయి ఆ తీగెను ఎండకు పట్టి చూస్తున్నది. ఆకు మీద నరాలు సన్నగా, బారుగా కనబడుతున్నయి.

"చూడకుండ ఎట్ల చెప్త బాపు? కొంచెం టైం కావాలె," అన్నది.

"తీస్కో. సంక్రాంతి దాటినంకనే మీటింగు."

ఆయనకు బిడ్డ మీద అంత ధీమా ఉండెటందుకు కారణమున్నది. తారాబాయిని హైదరాబాదు పంపేటప్పుడు కులపెద్దలు ఇంటి మీదికొచ్చిండ్రు. ఆడపిల్లకు చెట్ల సదువెందుకు, చెట్లను పెండ్లి చేసుకుంటదా అన్నరు. "మీ మొగపోరలు సదివి ఏం పీకిండ్రు?" అని వాకిట్ల నిలబడి అడిగిండు దేవిదాస్. రెండేండ్లు ఆయనను పెండ్లిళ్ళకు పిలువలేదు. ఆయన పోలేదు. తండ్రి మొండితనం తిని పెరిగిన పిల్ల తారాబాయి.

మరుసటి ఆదివారం తారాబాయి చందూరుకు పోయి, చీర కుచ్చిళ్ళు ఎగజెక్కి కాలువల దిగింది. వేర్లతోటి తీగెలు పీకి డబ్బాల పెట్టుకున్నది. తర్వాత ఊరి పాత చెరువు దిక్కు నడిచింది. దేవిదాస్‌కు నచ్చలేదు.

"అటెందుకు? చెరువుల ఉన్న నాచు వేరే. మా తాతల నాటిది."

"వేరేదో కాదో చూస్తెనే కద తెలుస్తది."

చెరువుల ఒక తీగె ఉన్నది. దాని ఆకులు వెడల్పుగా, పొడుగు కాడలతోటి, నీళ్ళ మీద పళ్ళాలు పరిచినట్టు తేలుతున్నయి. అది గూడ తీసుకున్నది. ఆ తర్వాత నడిమి కాలువకు నీళ్ళిచ్చే పెద్ద కాలువ దిక్కు పోయి, నీళ్ళు ఉరికే చోట వెతికితే ఇంకొకటి దొరికింది. దాని ఆకులన్నీ నీళ్ళ కిందనే. కాడ లేదు. పలుచగా, అంచులు పరికిణి కుచ్చుల లెక్క మడతలు మడతలు. నడిమి కాలువ నాచేమో అటూ ఇటూ కానట్టుంది. కింది ఆకులకు మడతలున్నయి, కాడ గూడ ఉన్నది. మీది ఆకులు తేలుతున్నయి గాని సన్నగున్నయి.

కంఠేశ్వర్‌ల చిన్నమ్మ ఇంటి వెనుక మూడు సిమెంటు నీళ్ళ గోలాలల్ల మూడింటిని నాటింది. రుక్మాబాయి నెత్తి కొట్టుకున్నది.

"ఇంట్ల తాగనీకి నీళ్ళు మోసి చస్తున్న. నాచుకు గోలాలా? అక్క బిడ్డవని ఊకున్న గాని!"

"చిన్నమ్మా, పూత వచ్చేదాక ఓపిక పట్టు."

"నాచుకు పూత! నీకు పెండ్లి చెయ్యాలె, గప్పుడు గాని ఈ పిచ్చి పోదు."

తారాబాయికి మొదట వచ్చిన అనుమానం వేరే. నీళ్ళ లోతును బట్టి, వేగాన్ని బట్టి ఇసొంటి మొక్కలు రూపం మార్చుకుంటయి. మూడూ ఒకటేనేమో, తావు మారి ఆకు మారిందేమో. అందుకే మూడింటికీ అదే మన్ను, అదే లోతు, అదే ఎండ. వారాలు గడిచినా దేని ఆకు దానిదే. అంటే ఇది తావు చేసిన మాయ గాదు, పుట్టుకల్నే తేడా.

చలికాలం పోతుండంగ పూత వచ్చింది. నీళ్ళ మీదికి అగ్గిపుల్లంత కంకులు లేచినయి. చెరువు దాని కంకికి గట్టి గింజలు పట్టినయి. పెద్ద కాలువ దానికి గూడ పట్టినయి. నడిమి కాలువ దాని కంకి మాత్రం లేస్తది, నాలుగు రోజులు నిలబడతది, కుళ్ళి రాలుతది. గింజ లేదు. ఒక్క కంకికి గూడ లేదు.

కాలేజీల పిల్లలు పోయినంక పుప్పొడిని గాజు పలక మీద వేసి, ఎర్ర రంగు చుక్క వేసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. చెరువు మొక్క పుప్పొడి గుండ్రంగా, నిండుగా, రంగు పట్టి కుంకుమ గింజల లెక్క కనిపించింది. పెద్ద కాలువ దాని పుప్పొడి గూడ అంతే. మూడో పలక పెట్టి చూసింది. అన్నీ ఖాళీ పొట్టు. ముడుతలు పడి, రంగు పట్టక, ఊదేసిన తాలు లెక్క ఉన్నయి.

మైక్రోస్కోపు మీది నుంచి కన్ను తీసి గోడ దిక్కు చూసింది. ఆమె కోరుకున్నది గిది గాదు. అరవై తొమ్మిదిల ఆమె గూడ హైదరాబాదు రోడ్డు మీద జై తెలంగాణ అని గొంతు పోయేదాక అరిసినదే. పక్కన నడుస్తున్న దోస్తు లాఠీ దెబ్బకు కింద పడితే ఎత్తుకొచ్చినదే. నాచు క్యాంపోళ్ళదే అని తేలితే ఆమెకు గూడ కడుపు సల్లబడేది. ఇంకో కంకి తెంపి మళ్ళ పలక చేసింది. అదే పొట్టు. ఇంకోటి. అదే.

ఇది రెండింటికి పుట్టిన బిడ్డ. సంకరం.

తండ్రి వచ్చినప్పుడు గోలాల దగ్గర నిలబెట్టి మూడింటినీ చూపెట్టి చెప్పింది. దేవిదాస్ తెలివి తక్కువోడేం గాదు. చప్పున అర్థమైంది. గడ్డం గోక్కున్నడు.

"అంటే తల్లి మన చెరువుది."

"తల్లో తండ్రో చెప్పలేను. ఒకటి మన చెరువుది. వానకాలం చెరువు అలుగు పారి కాలువల కలుస్తది సూడు, గాడ రెండూ కలిసినయి."

"రెండోది వాళ్ళు తెచ్చిందే గద?"

"గది నాకు తెల్వదు బాపు. నది నీళ్ళతోటి వచ్చిందో, పిట్టల కాళ్ళకంటి వచ్చిందో. ఎవల మూటల వచ్చిందని చెప్పే నిషానీ మొక్క మీద ఉండదు."

"అయితే గంత సెప్పకు. రెండో దాని సంగతే సెప్పు. పెద్ద కాలువ నుంచి వచ్చిందను. కాలువ వచ్చినంకనే క్యాంపోళ్ళు వచ్చిండ్రని అందరికి ఎరుకే. మిగిలింది వాళ్ళే అర్థం జేస్కుంటరు. సగం సెప్పు సాలు."

"సగం చెప్తే అబద్ధమైతది."

"అబద్ధం సెప్పుమంటున్ననా? సగం నిజమే సెప్పుమంటున్న!"

"సగం తాడేసి బాయిల బొక్కెన ఇడుస్తవా బాపు?"

దేవిదాస్ మొఖం గట్టిపడ్డది. "నీ కోసం రెండేండ్లు ఊరితోటి మాటలు లేకుండ బతికిన. యాదుందా?"

"ఉన్నది. యాదుంది కాబట్టే చెప్త. గప్పుడు నువ్వు నలుగురికి భయపడి సగం సదివిచ్చినవా?"

దేవిదాస్ చాయ తాగకుండనే పోయిండు. నలుగురి ముంగట బిడ్డ తనను చిన్నజేయదని ఆయనకు లోపల నమ్మకం.

మీటింగు నడిమి కాలువ తూము దగ్గర పెట్టిండ్రు. ఎడమ గట్టు మీద చందూరోళ్ళు, కుడి గట్టు మీద క్యాంపోళ్ళు కూచున్నరు. ఇంజినీరు తూము మీద కుర్చీల కూచున్నడు. తారాబాయి ఆ తూము మీద, ఇద్దరికీ నడుమ నిలబడి, మూడు తీగెలు చేతుల పట్టుకున్నది.

"ఇది మన చెరువుది. ఇది పెద్ద కాలువది. రెండూ ఒకనాడు ఒక్క ఇంటివే. ఒకే మూలం నుంచి విడిపోయి, వేల ఏండ్లల్ల ఒకటి నిలిచిన నీళ్ళకు అలవాటు పడ్డది, ఇంకొకటి పారే నీళ్ళకు. వీటికి ఇసొంటి దాయాదులు దేశదేశాన ఉన్నయి. దగ్గరి సుట్టాలు కాబట్టి ఒక్క చోట పూస్తే కలుస్తయి. ఈ మూడోది, మీ కాలువల నిండింది, ఆ రెండింటికి పుట్టింది. బయటి నుంచి ఎవలూ తేలేదు. ఇది ఇక్కడ్నే పుట్టింది."

రెండు గట్లూ ఒక్కసారే లేచినయి.

"ఆంధ్రోళ్ళ చాయ తాగి వచ్చినావు పిల్లా!" అని ఎడమ దిక్కు నుంచి బాపురావు అనే ముసలాయన అరిసిండు.

కుడి గట్టు మీద జగ్గారావు లేచిండు. తెల్ల చొక్కా, పెద్ద మీసం. "అమ్మాయ్, నువ్వు నిజం చెబుతావనే ఒప్పుకున్నాను. సగం పాపం మా మీద పెడతావా? మీ చెరువు బాగుచేసుకోకపోతే మాకేం సంబంధం?"

"పాపమని నేనన్ననా జగ్గారావు గారూ? రెండు మొక్కలు కలిసినయి అన్న. అండ్ల పాపమేమున్నది?"

"సంకరం!" అని బాపురావు కింద ఉమ్మిండు. "సంకరపుదానికి జాతి లేదు, బీజం లేదు. గీ పిల్ల గట్ల పుట్టిందాన్ని మనకు అంటగడుతున్నది."

తారాబాయికి కోపమొచ్చింది. మాట గట్టిగ వచ్చింది.

"అవ్ తాతా, దానికి బీజం లేదు. గాడిదకు గుర్రానికి పుట్టిన కంచరగాడిదకు పిల్లలు కానట్టే దీనికి గింజ కాదు. అయినా మీ కాలువ నిండింది! మీరు ఈ దిక్కు, వాళ్ళు ఆ దిక్కు కొడవండ్లు పట్టుకొని ఏటా కొడుతున్నా మిమ్మల్ని గెలిచింది. ఎట్ల గెలిచిందో ఎప్పుడన్న ఆలోచించిండ్రా? మీరు కోసి నీళ్ళల్ల ఇడిసిన ప్రతి ముక్కా కింద ఆగి వేరేస్తున్నది. మీరు నాచు కోస్తలేరు. నాటుతున్నరు!"

ఈ మాటకు ఇంజినీరు కుర్చీల కదిలిండు. కోసి ఇడువుమని చెప్పేది ఆయననే. "పాఠాలు కాలేజీలో చెప్పుకోండమ్మా. వచ్చే సోమవారం నుంచి కోత మొదలు, ఎవరి సగం వాళ్ళు. అయిపోయింది," అని లేచిండు.

జనం అరుచుకుంటనే చెదిరిపోయిండ్రు. తారాబాయి తండ్రి కోసం వెతికింది. దేవిదాస్ అప్పటికే పొలం గట్ల మీద వెనక్కి తిరగకుండ నడుస్తున్నడు. ఉరికి అందుకున్నది.

"బాపూ!"

"నా ఇంటికి రాకు." ఆయన ఆగలేదు. "నీకు ఊరు లేదు. నిజముంది గద, దాంట్ల పండు."

తారాబాయి ఆడ్నే ఆగింది. వెనుక నుంచి ఎవలో పిలిచిండ్రు. కాలువకు అవతలి గట్టు మీద ఒక ఆడమనిషి, నడివయసు, మడమల మీదికి దోపిన ముతక చీర. ఆమె పేరు రత్తమ్మ. మొగుడు పోయినంక కాలువ చివర ఉన్న పొలాన్ని ఒంటిగా సాగు చేసుకుంటున్నది. మూడేండ్ల నుంచి ఆమె మళ్ళకు నీళ్ళు సరిగ అందలేదు.

"అమ్మాయ్! ఎవరిదన్నది నాకు అక్కర్లేదు. ఎలా పోతుందో అది చెప్పు."

"ఇప్పుడైతే కోసిన ముక్క కిందికి పోకుండ వల కట్టి పట్టాలె. ఎండకాలం కాలువ బంద్ జేసినప్పుడు బురదల నుంచి వేర్లు తవ్వి, గట్టు మీద ఎండబెట్టి కాల్చాలె. రెండు దిక్కులా, ఒక్కసారే. సగం సగం చేస్తే లాభం లేదు."

రత్తమ్మ రెండు గట్లనూ కొలిచినట్టు చూసింది. "వల కడితే రెండు గట్లకూ కట్టాలి. నేనీ గట్టున ఉంటాను. ఆ గట్టున ఎవరుంటారో చూసుకో," అని పోయింది.

నిజామాబాదు చేరేసరికి కబురు ఆమె కన్నా ముందే చేరింది. ప్రిన్సిపాల్ పిలిచి, ఊరి కొట్లాటలల్ల కాలేజీ పేరు ఇరికించొద్దన్నది. సోమవారం సెలవు గూడ ఇయ్యనన్నది.

"ఇయ్యకుండ్రి మేడం. నేను పోత. తర్వాత మీకేం చెయ్యాలెననిపిస్తే అది చెయ్యుండ్రి," అన్నది తారాబాయి.

ఇంటికొస్తే రుక్మాబాయి ఒక్క మాటన్నది: "నీ బాపు లెక్కనే ఉన్నవు, అచ్చం." అది తిట్టో మెప్పో ఆమెకే తెలియదు.

సోమవారం పొద్దుగాల తారాబాయి బెస్త లింగం దగ్గర పాత వల అడుక్కొని నడిమి కాలువకు పోయింది. మీది నుంచి కోత మొదలైంది. ఎడమ సగంల చందూరోళ్ళు, కుడి సగంల క్యాంపోళ్ళు, నడుమ గీత గీసినట్టు. కోసిన తీగెలు తేలుకుంట వస్తున్నయి. తారాబాయి వల చుట్ట నెత్తిమీద పెట్టుకొని దిగింది. నీళ్ళు నడుము దాక వచ్చినయి. కుడి గట్టు మీద రత్తమ్మ నిలబడి ఉన్నది, చెప్పినట్టే. వల కొస అందుకొని తుమ్మ మొద్దుకు కట్టి, తాడు చేతుల పట్టుకున్నది. క్యాంపు మొగోళ్ళు ఆమెను ఏదో అన్నరు. "నా పొలం ఎండినప్పుడు మీరెవరూ ఏడవలేదు. ఇప్పుడు నోరు మూసుకోండి," అన్నది రత్తమ్మ.

రెండో కొస తారాబాయి చేతుల్నే ఉన్నది. ఎడమ గట్టు మీద మొద్దు లేదు, చెట్టు లేదు. మనిషే పట్టాలె. గట్టు మీద చందూరోళ్ళు వరుసగా నిలబడ్డరు గాని ఒక్కలూ చెయ్యి చాపలేదు. దేవిదాస్ వాళ్ళ వెనుక, చేతులు కట్టుకొని నిలబడ్డడు.

"పట్టుకోండ్రి ఎవలన్న!" అన్నది తారాబాయి.

"వాళ్ళ ఆడోళ్ళు పట్టిన తాడు మేం పట్టాల్నా?" అని ఎవలో అన్నరు. నవ్విండ్రు.

కోసిన నాచు వచ్చి వలల పడ్డది. బరువుకు వల గుంజుకుపోతున్నది. తారాబాయి కాళ్ళు బురదల కూరుకున్నయి, తాడు అరచేతులు కోస్తున్నది. తీగెలు నడుముకు చుట్టుకుంటున్నయి. ఇడిస్తే అయిపాయె. గట్టు దిక్కు, తండ్రి దిక్కు చూసింది.

"బాపూ, నువ్వు రాకు! ఎవలూ రాకుండ్రి! సూస్కుంట నిలబడుండ్రి. మీ చెరుకు ఎండినా సరే, మీ పంతం పచ్చగుండాలె! నేనైతే ఇడువ!"

గట్టు మీద కదలిక వచ్చింది. జనాన్ని తోసుకుంట ఒక ఆమె ముంగటికి వచ్చింది. తారాబాయి తల్లి వసంతమ్మ. మొగుని ముంగట మాట పెగలని మనిషి, బిడ్డను ఇంటికి రావొద్దన్ననాడు గూడ పొయ్యి కాడ కూచొని ఏడ్చిన మనిషి. చీర దోపుకొని కాలువల దిగుతున్నది.

"వసంతా!" అన్నడు దేవిదాస్.

ఆమె మెడ తిప్పలేదు. "నా బిడ్డ నీళ్ళల్ల నిలబడ్డది. నన్ను ఒడ్డు మీద నిలబడుమంటవా?" అన్నది. అని తారాబాయి చేతుల నుంచి తాడు తీసుకొని నడుముకు చుట్టుకొని, గట్టుకు కాలు తన్ని పట్టి నిలబడ్డది.

వల బిగిసింది. అటు రత్తమ్మ, ఇటు వసంతమ్మ. అంతకుముందు ఒకరి ముఖం ఒకరికి తెలియదు. తారాబాయి నడుమ నిలబడి నాచును గంపలకెత్తుతుంటే, వదిన వరుసయ్యే పెంటవ్వ దిగింది. ఆమె వెనుక ఇంకిద్దరు. క్యాంపు దిక్కు నుంచి రత్తమ్మ అక్క కూతురు నాగకుమారి గంప పట్టుకొని వచ్చింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి రెండు గట్ల మీదా ఆడోళ్ళు ఎత్తిపోసిన నాచు కుప్పలు గుట్టలైనయి. మొగోళ్ళు ఏం జెయ్యాల్నో తెల్వక కొడవండ్లు పట్టుకొని వాటి దిక్కు చూసిండ్రు. ఇంత నాచు కిందికి పోయి నాటుకునేదని అప్పుడు కండ్లకు కనబడ్డది.

జగ్గారావు కుప్ప మీది ఒక తుంట తీసి చూసిండు. కొన్ని రోజులకు దాన్నే బకెట్టు నీళ్ళల్ల పెట్టుకొని తూము కాడికి తెచ్చిండు. తెల్లటి వేర్లు దారాల లెక్క దిగినయి. బకెట్టును ఎడమ గట్టు దిక్కు పెట్టి పోయిండు. బాపురావు గూడ వచ్చి చూసి, ఈసారి ఉమ్మలేదు.

ఎండకాలం కాలువ బంద్ జేసినంక తవ్వుడు మొదలైంది. ఇంజినీరు ఆర్డరు లేదు, అడ్డం గూడ రాలేదు. మీది నుంచి కిందికి, కాలువ వెడల్పంతా ఒక్క వరుసల నిలబడి తవ్విండ్రు. సగం సగం మాట ఎవలూ ఎత్తలేదు. అట్లని దోస్తానా ఏం కాలేదు. నీళ్ళకుండ దగ్గర మాట మాట అనుకున్నరు, పలుగు ఎవలది పోయిందని ఒకనాడు చెయ్యి గూడ చేసుకున్నరు. కొట్లాడుకుంటనే తవ్విండ్రు.

తారాబాయి సెలవులన్నీ అక్కడ్నే గడిపింది. పడుకునేది రత్తమ్మ ఇంట్ల. ఊరు ఉండంగ క్యాంపుల పండుతున్నదని చందూరు నోర్లు ఊకుంటయా? ఊకోలేదు. ఆమె వినలేదు. రోజూ పొద్దున ఊరి నడుమ బజారు నుంచే నడిచి కాలువకు పోయేది, వేరే తొవ్వ ఉన్నా. ఎవలన్న గునిగితే ఆగి, "ఏమన్నవ్ అక్కా?" అని అడిగేది. ఒకటి రెండు సార్లయినంక గునుగుడు బందయింది.

దేవిదాస్ కొన్ని దినాలు రాలేదు. ఒకనాడు చివరి మలుపు దగ్గర, అందరికీ దూరంగ, ఒక్కడే పలుగుతోటి బురదల ఉన్నడు. ఎవలూ పిలువలేదు. తెల్లారి మళ్ళ వచ్చిండు. వసంతమ్మ సద్ది కట్టిచ్చింది గాని దగ్గర కూచోలేదు. ఆమె గూడ ఈసారి గట్టిగనే ఉన్నది.

వానలు పడి కాలువ ఇడిసినప్పుడు ప్రతి తూము దగ్గర వల కట్టిండ్రు. మిగిలిన ముక్కలు దొరికినయి, దొరకనియి దొరకలేదు. నీళ్ళు మాత్రం పారినయి. మూడేండ్లకు మొదటిసారి రత్తమ్మ మడిల నాటు పడ్డది. ఆమెకు ఎదురుగ ఎడమ గట్టున చివరి మళ్ళు దేవిదాస్‌వే. అవి గూడ నిండినయి.

కాలేజీల తారాబాయికి ఆ యేడు రావలసిన పై పోస్టు రాలేదు. కారణం అడిగితే ప్రిన్సిపాల్ కిటికీల నుంచి బయటికి చూసింది. తారాబాయి అదే పోస్టుల ఉండి, మూడు గోలాలను రిక్షాల కాలేజీకి తెప్పించి, తోటల పెట్టించింది. మూలాల సంగతి, సంకరాల సంగతి అండ్లనే చూపెట్టి పాఠం చెప్పేది. ఎవరన్న పిల్ల ఆ మాటకు నవ్వితే, "ఎందుకు నవ్వినవ్?" అని జవాబు వచ్చేదాక నిలబెట్టేది.

నాచు పూర్తిగ పోలేదు. పోదని ఆమెకు ముందే తెలుసు. దాన్ని కన్న రెండూ ఉన్నయి కద. రెండేండ్లకు చెరువు అలుగు పారే చోట మళ్ళ ఒక గుబురు లేచింది. ఎవలూ చెప్పకుండనే రెండు ఊర్లోళ్ళు వల తీసుకొని పోయిండ్రు. వల ఎవలు కట్టాలెనని గంటసేపు లొల్లి పెట్టుకున్నంకనే దిగిండ్రు.

ఆ గుబురు చూడనీకి తారాబాయి వచ్చిననాడు, తిరుగుబస్సు కోసం రోడ్డు మీద నిలబడితే దేవిదాస్ వచ్చి పక్కన నిలబడ్డడు. ఇంటికి రాకపోకలు అప్పటికి మొదలైనయి గాని ఆ సంగతి తండ్రీబిడ్డలు ఎన్నడూ ఎత్తుకోలేదు. ఆయననే ఎత్తిండు.

"నువ్వు సెప్పింది నిజమే కావొచ్చు. గని గానాడు నువ్వు నా దిక్కు ఉండవల్సింది."

"నీ దిక్కే ఉన్న బాపు. నీ దిక్కుండి అబద్ధమాడలేదు, గంతే."

"నలుగుట్ల నా తల దించినవు."

"నీ మడికి నీళ్ళు తెచ్చిన."

దేవిదాస్ రుమాలు విప్పి దులిపి మళ్ళ చుట్టుకున్నడు. ఆయన ముఖంల మెత్తదనం ఏం రాలేదు. "మళ్ళ గిసొంటిదొస్తే?" అన్నడు.

"మళ్ళ గట్లనే చెప్త."

"సెప్తవు. నాకెరుకలేదా?" అన్నడాయన. చందూరు మలుపుల దుమ్ము లేస్తున్నది. బస్సు దగ్గరికి రాంగనే రోడ్డు మీదికి నడిచి చెయ్యెత్తి ఆపి, బిడ్డ ఎక్కి కూచునేదాక డ్రైవరును కదలనియ్యలేదు.